నారు లేని నీళ్ళు

తోవాలున్,
నవంబరు 20

చెల్లెమ్మ రుయ్-లాన్‌కు దీవెనలు.

నేను కులాసా, మీ వదిన కులాసా, నా చెవులు మాత్రం యథాప్రకారం. ఎడమది పూర్తిగా పోయింది, కుడిది ఆ దారిలోనే ఉంది. ఇన్నేళ్ళు విత్తనాలు చల్లే యంత్రం పక్కన నిలబడ్డందుకు అది ఇచ్చిన బహుమానం. నువ్వు ఫోను చేస్తే మీ వదిన ఎత్తుతుంది. నువ్వు చెప్పిన పది మాటల్ని రెండు చేసి నా చెవిలో అరుస్తుంది. ఆ రెండూ కూడా ఆవిడ సొంతమేనని నా అనుమానం. అందుకే ఈ ఉత్తరం.

ఈ ఏడు ఒక్క తుఫానూ మన వైపు తొంగి చూడలేదు. ఇల్లు నిలిచింది కదా అని సంతోషించాల్సింది పోయి, తుఫాను రాకపోతే జలాశయం నిండేదెలా అని గుడి ముందర కూర్చున్న ముసలాళ్ళంతా ఆకాశాన్ని తిడుతున్నారు. నిన్న ఫూ-వాంగ్ వచ్చాడు. బడిలో నీ వెనక కూర్చుని నీ జడకి మిడతను కట్టిన ఫూ-వాంగే. ఇప్పుడు వాడికీ నాలాగే నారు పెంచే షెడ్డు ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వరి నారు మా ఇద్దరి దగ్గర్నుంచే వెళ్ళాలి. "మీ చెల్లెలు తైపేలో నీళ్ళ లెక్కలేగా వేసేది, ఒక్క మాట అడగరాదూ," అన్నాడు.

సంగతి నీకు తెలియనిది కాదు. జనవరిలో మేము విత్తనం నానబెట్టి ట్రేలలో పోస్తాం. పోశాక సర్కారు కాలవ కట్టేస్తే, పొలం బీడు పెట్టినందుకు రైతుకి పరిహారం వస్తుంది. నారు పోసినవాడికి ఏమీ రాదు, ట్రేల నిండా గడ్డి మిగులుతుంది. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు పెద్దలు. ఇక్కడ నారు పోసేది నేను, నీరు పోసేది మీ ఆఫీసు. కాబట్టి ఒక్క మాట రాయి. పోయాలా, మానాలా?

ఎండు ముల్లంగి పంపుతున్నాను. మీ వదిన చేసింది, ఉప్పు తక్కువైతే నన్ను అనకు.

మీ అన్నయ్య,
కుయ్-షెంగ్


తైపే,
డిసెంబరు 1

అన్నయ్యకు,

ముల్లంగి అందింది. ఉప్పు సరిపోయింది.

నా పని ఏమిటో నువ్వు ఎప్పుడూ సరిగ్గా వినలేదు, ఇప్పుడు చదువు. జలాశయంలోకి ఎంత నీరు వస్తుంది, నగరం ఎంత తాగుతుంది, ఫ్యాక్టరీలు ఎంత లాగుతాయి, పొలాలకి ఎంత పోతుంది అని పది రోజుల చొప్పున ముందుగానే అంచనా వేస్తాను. కాగితం మీద మూడు గీతలు గీస్తాను. వాన బాగా పడితే ఒకటి, మామూలుగా పడితే ఒకటి, పడకపోతే ఒకటి. వాటిని చూసి పైవాళ్ళు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం ప్రకటించేదాకా మేము నోరు విప్పకూడదు.

ఇది వాళ్ళ దర్పం కోసం పెట్టిన రూలు కాదు. నీళ్ళు ఆపబోతున్నారని ముందే పొక్కితే ఎగువ ఊళ్ళవాళ్ళు రాత్రికి రాత్రి చెరువులు నింపేసుకుంటారు, దిగువ ఊళ్ళకి చుక్క మిగలదు. కిందటి కరువులో మా సెక్షన్లో ఒకాయన బావమరిదికి చెప్పాడు. ఆయన ఉద్యోగం పోయింది, మూడు దిగువ ఊళ్ళ మడులు ఎండిపోయాయి.

కాబట్టి ఈ సంగతి నన్ను మళ్ళీ అడగవద్దు. ఫూ-వాంగ్‌కి కూడా అదే చెప్పు.

రుయ్-లాన్


తోవాలున్,
డిసెంబరు 13

శ్రీమతి నీటి లెక్కల అధికారిణి గారి సముఖమునకు,

తమ ఉత్తర్వు అందింది. మీ వదినకి చదివి వినిపించాను. "ఇది మీ చెల్లెలి ఉత్తరమా, కరెంటు బిల్లా?" అని అడిగింది.

రూలు సంగతి అర్థమైంది. ఎగువ ఊళ్ళు, దిగువ ఊళ్ళు, అన్నీ అర్థమయ్యాయి. వదిన ఎలా ఉంది, నీ చెవి ఎలా ఉంది అన్న ముక్క ఒక్కటీ అందులో ఎందుకు లేదో అది మాత్రం అర్థం కాలేదు. ఫూ-వాంగ్ అడిగితే, మా చెల్లెలికి పని ఎక్కువ, ఇంకా జవాబు రాలేదని చెప్పాను. తోబుట్టువు చేత మాట పడ్డానని ఎలా చెప్పను?

జనవరి రెండో వారంలో విత్తనం నానబెడతాను. తమరిని మళ్ళీ అడగను.

ఇట్లు,
దిగువ ఊరివాడు


తైపే,
జనవరి 3

అన్నయ్యా,

కోపం తగ్గకపోయినా ఈ ఉత్తరం చదువు. అప్పుడు అలా రాసి ఉండకూడదు. ఆ రోజు మీటింగు నుంచి వచ్చి అలాగే కూర్చుని రాసేశాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇక్కడ చలి, పొడి చలి. ఆఫీసులో అందరికీ పెదాలు పగిలాయి.

దీనితో ఒక పార్సిలు పంపుతున్నాను. విప్పగానే పక్కన పడేయకు. మన ఊళ్ళో అలాంటిది ఎప్పుడు ఇస్తారో నీకు తెలుసు. ఎందుకు పంపానో కాసేపు కూర్చుని ఆలోచించు. ఎవరికీ చూపించకు. దాని గురించి నాకు జవాబు కూడా రాయకు.

లాన్


తోవాలున్,
ఫిబ్రవరి 12

రుయ్-లాన్‌కు,

జవాబు రాయవద్దన్నావు. రాయకూడదనే అనుకున్నాను. ఇప్పుడు రాయకపోతే ఛాతీ పగిలేలా ఉంది.

పార్సిలు మీ వదినే విప్పింది. లోపల తెల్ల తువ్వాలు. శవాన్ని సాగనంపి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళ చేతుల్లో చావింటివాళ్ళు పెట్టే తువ్వాలు. బతికున్న మనిషి ఇంటికి దాన్ని పంపితే ఒకటే అర్థం, ఇంతటితో మీకూ మాకూ చెల్లు అని. మీ వదిన గడప మీద కూలబడి ఏడ్చింది. ఒక్క ప్రశ్న అడిగినందుకు అన్నని చచ్చినవాళ్ళలో కలిపేసిందే అనుకున్నాను నేను.

మర్నాడే విత్తనం నానబెట్టాను. కసి కొద్దీ ఎప్పటికన్నా ఎక్కువ పోశాను. అది చూసి ఫూ-వాంగ్ కూడా పోశాడు. "మీ చెల్లెలు ఏదో చెప్పే ఉంటుంది," అన్నాడు. చెప్పలేదురా అంటే నవ్వాడు.

నారు వేలెడెత్తు లేచాక మైకు కట్టిన బండి వచ్చింది. ఈ పంటకి నీళ్ళు వదలరట. కొత్త సంవత్సరం పండగ ముందు ఇద్దరం ట్రేలు మోసుకెళ్ళి బాతుల ముందు బోర్లించాం. మొదటి రోజు ఎగబడి తిన్నాయి, రెండో రోజు వాటికీ వెగటు పుట్టింది. మా షెడ్డు వెనక కాలవ మాత్రం నిండుగా పోతోంది. అవి మా నీళ్ళు కావు, మీవి. రెండు పక్కలా ఇనప కంచె వేసి కాపలా పెట్టారు. పెళ్ళికి ఆలస్యమైనవాళ్ళలా ఎంత హడావిడిగా పోతున్నాయో ఆ నీళ్ళు. టీవీలో మీ ఊరి ఫౌంటెన్లు చూపించారు. ఒకడికి మింగ మెతుకు లేకపోతే ఇంకొకడి మీసాలకు సంపెంగ నూనె.

తువ్వాలు పారేయలేదు. నీ చేతికే ఇద్దామని ఉంచాను.

కుయ్-షెంగ్


తైపే,
ఫిబ్రవరి 20

అన్నయ్యా,

ఆ తువ్వాలు నీకు కాదు. పంటకి.

ఈ పంట చచ్చిపోయింది, దీనికోసం విత్తనం తీయకు, ఏడ్చి ఊరుకో అని చెప్పాలనుకున్నాను. నోటితో చెప్పకూడదు, కాగితం మీద పెట్టకూడదు. నువ్వు చూడగానే గ్రహిస్తావనుకున్నాను. ఎంత తెలివిగా చెప్పానో అని ఆ రాత్రి మురిసిపోయాను కూడా. నీ ఉత్తరం చదివాక ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. రూలు తప్పాను, అన్నయ్యకి మేలూ చేయలేకపోయాను. వదిన కాళ్ళు పట్టుకున్నానని చెప్పు.

నా మూడు గీతల్లో ఏ ఒక్కదానిలోనూ నీళ్ళు ఏప్రిల్ దాటలేదు. పొలాలకి వదిలితే అప్పటికి ఈ నగరంలో కుళాయిలు ఎండుతాయి, ఆసుపత్రులతో సహా. వదల్లేదు కాబట్టి ఎండవు. ఇప్పుడు మా పక్కింటావిడ, "ఏదమ్మా మీ కరువు, కుళాయి బాగానే వస్తోందిగా," అంటోంది. ఆవిడకి ఏం చెప్పను? జరగకుండా ఆపినదాన్ని ఎవరికి చూపించగలం?

ఫిబ్రవరిలో మన కొత్త సంవత్సరం ముందు వారం జనమంతా ఇళ్ళు కడుగుతారు, వాడకం పెరుగుతుంది. ఏటా అది నా లెక్కలో ఉంటుంది. ఈసారి టీవీలో అంత చెప్పాం కదా, కాస్త తగ్గుతుందని వేశాను. ఒక్క చుక్క తగ్గలేదు. కిటికీలు, మెట్లు, సందులు, మోటారు సైకిళ్ళు అన్నీ కడిగారు. మా ఇంటి సందులో సబ్బు నురగ పారుతుంటే మీ నారే కళ్ళ ముందు మెదిలింది. 

మళ్ళీ ఇలాంటిది వస్తే తువ్వాళ్ళూ గుర్తులూ పంపను. తిన్నగా రాస్తాను. ఏం జరిగితే అది జరుగుతుంది.

నీ లాన్


తోవాలున్,
మార్చి 9

లాన్,

పంటకి సంతాపం తెలిపిన మనిషిని లోకంలో నిన్నొక్కదాన్నే చూశాను. నీ ఉత్తరం విని మీ వదిన మొదట ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత నన్ను తిట్టింది. "మీ ఇద్దరికీ చదువు చెప్పించిన మాస్టారిని అనాలి," అంది. నాకు తిట్లే మిగిలాయి. ఇంత తెలివి చెల్లెలికి ఎక్కడిదని అడిగితే, మీకు లేనిదంతా ఆ పిల్లకే పోయిందిగా అంది.

ఫూ-వాంగ్ సంగతి మాత్రం నవ్వేది కాదు. వాడి కొడుకు గాజు ఫ్యాక్టరీలో పని మానేసి వచ్చాడు కదా, షెడ్డు చూసుకుంటానని. రెండో పంటా ఇలాగే పోతే మూసేస్తానంటున్నాడు ఫూ-వాంగ్. నా మాటా అదే. కానీ నాకు పోయేది షెడ్డొక్కటే. వాడికి షెడ్డుతో పాటు కొడుకూ వెళ్ళిపోతాడు. నన్ను చూసే నారు పోశానని వాడు ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంకో విశేషం. పొలం దేవుడి గుడికి ఈ ఏడు ధూపం వెలిగించే పెద్దగా జోస్యం చెక్కలు నన్నే ఎన్నుకున్నాయి. ఇక ఏడాది పొడవునా ఊరి తరఫున ఆ నెలవంక చెక్కలు రెండూ నేల మీద వేసి దేవుణ్ణి అడగాల్సింది నేనే. ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితే ఔనన్నట్టు, రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. ఆయన కూడా మీ ఆఫీసువాళ్ళలాగే వివరం చెప్పడు. కాకపోతే రెండూ వెల్లకిలా పడితే నవ్వాడంటాం. మీవాళ్ళు అది కూడా చేయరు.

ఉద్యోగం మీదికి తెచ్చుకోకు. కానీ చెప్పేదుంటే మాత్రం తిన్నగా చెప్పు.

అన్నయ్య


తైపే,
జూన్ 16

అన్నయ్యా,

తిన్నగా చెబుతున్నాను. విత్తనం నానబెట్టకు.

మే నెల ముసురు ఈసారి మొహం చాటేసింది. మూడు గీతలూ జులై ఆఖరుకి అడుగంటుతున్నాయి. జులై మధ్యలో మీటింగు పెట్టి రెండో పంటకీ నీళ్ళు ఆపుతున్నట్టు ప్రకటిస్తారు. పెద్ద తుఫాను ఒకటి తిన్నగా వచ్చి మన మీద పడితే తప్ప ఇది మారదు. రాదని నేను చెప్పలేను. వస్తుందని నమ్ముకుని నారు పోయమనీ చెప్పలేను.

ఇది చదివి కాల్చెయ్యి. ఫూ-వాంగ్‌కి చెప్పకు. అది నీకెంత కష్టమో నాకు తెలుసు. కానీ వాడికి చెబితే వాడు కొడుక్కి చెబుతాడు, కొడుకు టీ కొట్టులో చెబుతాడు, సాయంత్రానికి ఎగువ ఊళ్ళలో పంపులు మొదలవుతాయి. నా ఉద్యోగం పోతే పోయింది, ఆ దిగువ ఊళ్ళ ఉసురు నాకు తగలకూడదు. నువ్వొక్కడివే మాను. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పు.

లాన్


తోవాలున్,
జూన్ 27

లాన్,

నీ ఉత్తరం అందింది, పొయ్యిలో వేశాను. మా విత్తనం మూటలు విప్పలేదు. నీ పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు, ఎత్తను. ఊళ్ళో చెప్పాల్సింది చెప్పాను, ఎవరికీ అనుమానం రాలేదు. నిశ్చింతగా ఉండు.

ఎండలు మండిపోతున్నాయి. లీచీ పళ్ళు ఈసారి చిన్నవి, తీపి మాత్రం ఎక్కువ. మీ వదిన నీకోసం ఒక బుట్ట విడిగా ఉంచింది, పాడవుతాయేమోనని రోజూ రెండేసి తనే తింటోంది.

అన్నయ్య


తైపే,
జులై 24

అన్నయ్యా,

నా గీతలు మూడూ తప్పాయి. తప్పినందుకు ఇంత సంతోషం నా జన్మలో ఎరగను. మీటింగుకి ముందే తుఫాను కొండల మీద విరుచుకుపడింది. రెండు రోజుల్లో జలాశయం నిండి గేట్లు ఎత్తారు. నీళ్ళు ఆపే మాటే లేదు, ఈ వారమే కాలవలకి వదులుతున్నారు. మా పెద్దాయన అందరికీ కోడి కూరతో భోజనం పెట్టించాడు. నగరంలో ఒక్క రోజు కూడా కుళాయి ఆగలేదని పేపర్లో మెచ్చుకున్నారు. నా అంచనా ఏమైందని ఎవరూ అడగలేదు.

నా మాట నమ్మి నువ్వు నారు పోయలేదు. బాధ అదొక్కటే. కానీ ఫూ-వాంగ్ ఎప్పట్లాగే పోసే ఉంటాడు. వాడి దగ్గర తీసుకుని నీ రైతులకి సర్దు. వాడికీ ఒక మంచి ఏడు కావాలి, కొడుకు నిలబడతాడు. ఊరికి నష్టం లేదు, పోయింది మన ఇద్దరిదే. రోజూ పడుకునే ముందు అదే అనుకుని నిద్రపోతున్నాను.

నీ లాన్


తోవాలున్,
ఆగస్టు 15

లాన్,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. చదివి, మీ వదిన చేతికిచ్చి, పొలాల వైపు వెళ్ళిపోయాను. ఎక్కడ చూసినా నీళ్ళే. ప్రతి మడీ గట్టుదాకా నిండి ఉంది, కొంగలు దిగాయి. నాటడానికి ఒక్క మొలక లేదు.

ఫూ-వాంగ్ నారు పోయలేదమ్మా. నేనే పోయనివ్వలేదు.

నువ్వు చెప్పవద్దన్న మాట చెప్పలేదు. కానీ జూన్ ఆఖర్లో వాడూ కొడుకూ విత్తనం మూటలు స్కూటరుకి కట్టుకుని తిన్నగా గుడికే వచ్చారు. "రేపు నానబెడదామనుకుంటున్నాం, ఒక్కసారి దేవుణ్ణి అడిగి చెప్పు," అన్నాడు. రైతులు కూడా పోగయ్యారు. ఆ కుర్రాడు కొత్త చేతి తొడుగులు వేసుకుని నిలబడ్డాడు. వాళ్ళని ముంచేసి నేనొక్కణ్ణే ఒడ్డున ఎలా కూర్చోను? మర్నాడు పొద్దున్నే మొదటి ధూపం వెలిగించడానికి మన ఆచారం ప్రకారం ఒక్కణ్ణే లోపలికి వెళ్ళాను. బయటికి వచ్చి, చెక్కలు మూడుసార్లు వేస్తే మూడుసార్లూ దేవుడు కాదన్నాడని చెప్పాను. ఫూ-వాంగ్ దణ్ణం పెట్టుకుని మూటలు వెనక్కి తీసుకుపోయాడు. ఊరంతా నారు మాట మానేసింది. దేవుడు వద్దన్నాడంటే ఎగువ ఊళ్ళవాళ్ళెవరూ పంపులు పెట్టరు కదా, నీ రూలూ తప్పలేదు, వీళ్ళూ బతికారు అనుకున్నాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

చెక్కలు అసలు వేయలేదు లాన్. వేశాక ఆయన ఔనంటే నీ మాటో ఆయన మాటో ఒకటి కాదనాలి. ఆ ధైర్యం లేక చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుని వచ్చేశాను.

నీళ్ళొచ్చాక నేనూ ఫూ-వాంగూ ఆదరాబాదరాగా విత్తనం తీశాం. కానీ ఆ నారు లేచేసరికే అదను దాటిపోతుంది, ఆ తర్వాత నాటిన వరికి మన వైపు గింజ పట్టదు. దక్షిణం నుంచి లారీల్లో నారు తెప్పించుకోగలిగినవాళ్ళు నలుగురైదుగురు. మిగతా పొలాలన్నీ నీళ్ళతో ఖాళీగా పడి ఉన్నాయి. ఈసారి పరిహారం కూడా లేదు. నీళ్ళిచ్చాం కదా అంటున్నారు.

జనం నన్ను ఏమీ అనలేదు. దేవుణ్ణి అన్నారు. ముసలివాడైపోయాడు, చూపు ఆనడం లేదు అన్నారు. ధూపం వెలిగించేవాళ్ళు లేరు, పళ్ళు పెట్టేవాళ్ళు లేరు. ఈయన్ని పక్క గదిలో పెట్టి ఇంకో ఊరి నుంచి కొత్త దేవుణ్ణి తెద్దామని మాట్లాడుకుంటున్నారు. నేను ఆడిన అబద్ధానికి ఆయన గద్దె దిగుతున్నాడు. ఆదివారం అది తేల్చడానికి అందరూ గుడి ముందు చేరితే లేచి చెప్పేశాను, ఆ రోజు నేను చెక్కలు వేయలేదని.

 అందరూ ఒకేసారి ఎందుకు, ఎందుకు అని అడిగారు. నా చెవికి అంత గోలలో ఏదీ వినపడలేదు. అప్పుడు ఫూ-వాంగ్ జనాన్ని పక్కకి నెట్టుకుంటూ నా కుడి పక్కకి వచ్చి చెవి దగ్గర నెమ్మదిగా అడిగాడు.

"మీ చెల్లెలు చెప్పిందా? నాకొక్కడికి చెప్పు. ఔనంటే నోరు మూసుకుని ఇంటికి పోతాను. రేపు మళ్ళీ మీ ఇంట్లో టీ తాగుతాను."

వాడు ఎవరితోనూ అనడని నాకు తెలుసు. కానీ కొడుకు నాలుగడుగుల దూరంలో నిలబడి వాడి మొహమే చూస్తున్నాడు. ఎగువ ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. నువ్వు కూలబడ్డ ఆ ఆఫీసు మెట్లు, నీ ఉద్యోగం గుర్తొచ్చాయి.

"లేదు," అన్నాను.

"మరి ఎందుకు?"

 వాడు నా మొహం చాలాసేపు చూశాడు.

"అయితే నా షెడ్డు మూయించాలనే చేశావు కుయ్-షెంగ్," అన్నాడు. కుయ్-షెంగ్ షెడ్డూ మూతపడిందిగా అని ఎవరో అంటే, "వాడికి కొడుకులు లేరు, వాడికేం పోతుంది," అన్నాడు.

 సోమవారం పొద్దున్న ఆ కుర్రాడు ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళిపోయాడు. ఫూ-వాంగ్ వాణ్ణి బస్సు ఎక్కించి, మా ఇంటి ముందు నుంచి తల తిప్పుకుని పోయాడు. దేవుణ్ణి మాత్రం దించలేదు, నన్నే దించారు.

నీ తప్పేమీ లేదు. తుఫాను నీ చేతిలో లేదు. ఇది చదివి నువ్వేం చేస్తావో నాకు తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. బస్సెక్కి ఇక్కడికి రాకు. ఫూ-వాంగ్‌కి ఉత్తరం రాయకు. వాణ్ణి పోగొట్టుకుని నిన్ను నిలబెట్టుకున్నాను. నువ్వొచ్చి నిజం చెబితే నీ ఉద్యోగం పోతుంది, మొహం మీదే అబద్ధమాడానని వాడూ తిరిగి రాడు, నాకు ఇద్దరూ మిగలరు.

ఇకమీదట ఒంట్లో ఎలా ఉందో రాయి, ఏం వండుకున్నావో రాయి. నీళ్ళ సంగతి మాత్రం రాయకు. రాస్తే చదవకుండా ఉండలేను, చదివాక చెప్పకుండా ఉండలేను.

అన్నయ్య